మోరీయా గుట్టకు రొట్టె

కేతేపల్లికి పడమట ఉన్న రాళ్ల గుట్టకు మోరీయా అని పేరు పెట్టింది వాడలో ప్రార్థన నడిపే క్రైస్తవ ఉపదేశి బాలస్వామి. మిషను బడిలో చదివేటప్పుడు ఆ పేరు విన్నాడు. దేవుడు అడిగాడని ఒక తండ్రి తన కొడుకును బలి ఇవ్వడానికి తీసుకెళ్లిన కొండ అది. కత్తి ఎత్తాక దేవుడే ఆపాడు. పొదలో పొట్టేలు దొరికింది. హెబ్రీ భాషలో ఆ పేరుకు అర్థం ఇదని పండితులు తేల్చలేకపోయారని, దేవుడు చూసే చోటని కొందరు, దేవుడు నేర్పే చోటని కొందరు అంటారని అక్కడి గురువు చెప్పాడు. బాలస్వామి మొదటిది పట్టుకున్నాడు. వాడలో ముసలివాళ్లు మొర ఆలకించే గుట్ట అనుకున్నారు. ఆయన దిద్దలేదు.

శుక్రవారం వాడంతా ఆ గుట్టెక్కి ఉపవాస ప్రార్థన చేసేది. ఉత్త చేతులతో పోవాలి. మంచినీళ్లు కూడా తీసుకుపోకూడదు.

రజాకార్లు పోయి మిలిటరీ వచ్చిన మరుసటి ఏడు బాలస్వామి కొడుకు భిక్షం ఆ గుట్ట మీద రాళ్ల సందులో దాక్కున్నాడు. దొర గడీ మీద పడ్డ కమ్యూనిస్టుల సంఘం దళంలో అతనూ ఉన్నాడు. తర్వాత దళం చెదిరిపోయింది. ప్రార్థనకు పోయేవాళ్లను మిలిటరీ ఆపేది కాదు. తల్లి జానమ్మ కొంగులో జొన్నరొట్టె ముడేసుకుని అందరితో పాటు ఎక్కేది. బాలస్వామికి తెలుసు. నియమం పెట్టింది ఆయనే. అయినా భార్యకు అడ్డు చెప్పలేకపోయాడు.

ఆ శుక్రవారం గుట్ట మొదట్లో జీపు ఆగి ఉంది. కెప్టెన్ పక్కన దుబాసీ రఘుపతి నిలబడ్డాడు. హుజూర్‌నగర్ వాడు. మిషను బడిలోనే చదివాడు.

"ఉపాసమున్నోళ్ల కొంగుల రొట్టె ఎందుకు, జానమ్మా? దేవునికి ఆకలైతాందా?" అన్నాడు రఘుపతి.

జానమ్మ ముడి పట్టుకుంది. "కుక్కలకు."

"గుట్ట మీది కుక్కలు గూడ సంఘపోళ్లేనా?"

వెనక ఎవరో నవ్వబోయి ఆగారు.

కెప్టెన్ హిందీలో మాట్లాడాడు. రఘుపతి తెలుగులో చెప్పాడు. తండ్రి పోయి పిలవాలి. కొడుకు దిగొస్తే నల్లగొండ జైలు. సిపాయిలు ఎక్కాల్సి వస్తే కాల్చివేత.

"జైలుకే గద, దొరా?" అన్నాడు బాలస్వామి.

రఘుపతి అడిగాడు. కెప్టెన్ తల ఊపాడు.

జానమ్మ ముడి విప్పి రొట్టెను భర్త చేతిలో పెట్టింది. "తినిపిచ్చి తోల్కరా."

పైన భిక్షం రొట్టె తుంచుతూ అన్నాడు. "గా కథల పిలగానికి, ఎక్కేటప్పుడు సంగతి తెల్వదు గద, నాయినా?"

"తెల్వదు. కట్టెలు మోసుకుంట పోయిండు. గొర్రెపిల్ల ఏదని అడిగిండు."

"నేను అడుగ తియ్యి."

"జైలుకే అన్నరు బిడ్డా. కెప్టెను తల ఊపిండు."

"తలకేంది, గాలికి గూడ ఊగుతది."

భిక్షం కిందికి చూశాడు. సిపాయిలు వాడవాళ్లను ఎండలో కూర్చోబెట్టారు. జానమ్మ ముందు వరసలో ఉంది. "నేను రాకుంటె వాళ్లను కొడ్తరు," అన్నాడు. మిగిలిన రొట్టెను తండ్రికి ఇచ్చాడు. "నువ్వు తిను."

"ఉపాసంరా."

"ఇంక గూడనా?" అని నవ్వి, లేచాడు.

కింద అతని చేతులు కట్టి జీపు ఎక్కించారు. జీపు నల్లగొండ బాట పట్టలేదు. మూసీ వైపు మళ్లింది. బాలస్వామి దుమ్ములో కొంత దూరం దాని వెంట నడిచాడు.

తర్వాత నల్లగొండ పోయి జైలు గేటు దగ్గర అడిగాడు. ఆ పేరుగలవాడు రాలేదన్నారు. కేతేపల్లి క్యాంపులో అడిగాడు. కెప్టెన్ బదిలీ అయ్యాడన్నారు. రఘుపతి బయటికి వచ్చాడు.

"ఆయన అన్నది నేను చెప్పిన, అయ్యగారూ. గంతే."

"ఏడికి తీస్కపోయిండ్రో గదన్న చెప్పు."

రఘుపతి లోపలికి పోయాడు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. జానమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టె చేసింది. కొంగులో ముడేసుకుంది. బాలస్వామి గడపలో నిలబడి చూశాడు. గుట్ట మీద ఆమె అందరూ చూస్తుండగానే ముడి విప్పి, రొట్టెను రాళ్ల సందులో పెట్టి వచ్చి కూర్చుంది.

ప్రార్థన మొదలుపెట్టమని వాడవాళ్లు ఎదురుచూస్తున్నారు. అండాలు అనే ముసలామె ముందుకు జరిగింది.

"అయ్యా, గీ గుట్ట పేరుకు అర్థం ఏమంటివి? యాదికొస్తలేదు."

బాలస్వామి జానమ్మ వైపు చూశాడు. ఆమె రాళ్ల సందు వైపు చూస్తోంది.

"పండితులకు గూడ తెల్వదు, అవ్వా," అన్నాడు.