నా బదులు చెప్పిన మాట

"నా పాత ఇండియన్ పాస్‌పోర్ట్ ఎక్కడ పెట్టారు?" మా ఆయన దామోదర్ లంచ్ బాక్స్ మూత నొక్కుతూ అడిగాను.

అతను ఫోన్‌లోంచి తలెత్తలేదు. "అదెందుకిప్పుడు? అమెరికన్ పాస్‌పోర్ట్ ఉందిగా."

చైనా వీసాకి కావాలన్నాను. ఇక్కడే పుట్టినవాళ్ళకి అక్కర్లేదు. నాలాగా వేరే దేశంలో పుట్టి, తరువాత ఇక్కడ సిటిజన్ అయినవాళ్ళు మొదటిసారి అప్లై చేసేటప్పుడు పాత దేశపు పాస్‌పోర్ట్ కూడా చూపించాలట. మా మందుల కంపెనీ చైనాలో ఒక ఫ్యాక్టరీ నుంచి ముడిసరుకు కొనబోతోంది. ఆ ఫ్యాక్టరీ పనికొస్తుందో లేదో వెళ్ళి ఆడిట్ చేసి తేల్చే బాధ్యత నాకిచ్చారని ఇంట్లో ముందే చెప్పాను. అప్పుడు దామోదర్ "గ్రేట్" అన్నాడు. ఆ వెంటనే చారులో ఉప్పు తగ్గిందన్నాడు.

"ఇండియాలో పుట్టినవాళ్ళని వాళ్ళు బాగా సతాయిస్తారట. ఎందుకొచ్చిన తలనొప్పి? సరే, గరాజ్‌లో ఏదో బాక్స్‌లో ఉంటుంది, చూద్దాంలే" అంటూ లంచ్ బాక్స్ తీసుకుని వెళ్ళిపోయాడు.

మా అత్తగారు జ్ఞానప్రసూన గారు కాఫీ గ్లాసు సింక్‌లో పెట్టి, "పది రోజులంటే మాటలా అమ్మా? వాడికి ఏ పూటకాపూట వేడిగా ఉండాలి. నీకంటే చిన్నవాళ్ళు లేరా ఆఫీసులో తిరగడానికి?" అన్నారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఈ మాటలు ఒకప్పుడు ఆవిడకి ఎవరో చెప్పినవే, ఇప్పుడు ఆవిడ నాకు చెబుతున్నారు. కానీ వినే చెవులు మాత్రం నావి.

ఆ వారమంతా గరాజ్‌లో వెతికాను. క్రిస్మస్ లైట్లు, మా అమ్మాయి సాన్వి చిన్నప్పటి కారు సీటు, విరిగిన ట్రెడ్‌మిల్. పాస్‌పోర్ట్ లేదు. ఎం.ఫార్మసీ చేసి, పెళ్ళయ్యాక దామోదర్ వీసా మీద డిపెండెంట్‌గా ఈ దేశం వచ్చాను. పనిచేసే అనుమతి లేక న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో ఏళ్ళకేళ్ళు కూర్చున్నాను. "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త ఈ పేపర్స్ చూడు" అనేవాడు దామోదర్. అతని హెచ్-వన్ ఎక్స్‌టెన్షన్లు, అందరి గ్రీన్‌కార్డులు, మామగారి మెడికల్ పరీక్షలు, ఇండియా వెళ్ళిరావడానికి సాన్వి ఓసీఐ కార్డు, అన్నీ నేనే. ఎవరు ఎక్కడ పుట్టారో, ఎవరి తల్లి పేరు ఏ కాగితంలో ఏ స్పెల్లింగ్‌తో ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అన్నీ పూర్తయ్యాక మాత్రం అతను తీసి తన సొరుగులో పెట్టి తాళం వేసుకునేవాడు. "ఇంపార్టెంట్ డాక్యుమెంట్స్ ఒకరి దగ్గరే ఉండాలి" అనేవాడు. ఆ ఒకరు నేనెందుకు కాకూడదని నేనూ ఏనాడూ అడగలేదు. అడగవలసిన విషయమని కూడా తోచలేదు. ఇప్పుడు సాలెగూళ్ళు దులుపుకుంటూ ఆ గరాజ్‌లో నిలబడితే తోచింది.

శుక్రవారం ఫణి గారు తన గదికి పిలిచారు. ఆయన నా మేనేజరు, దామోదర్‌కి స్నేహితుడు కూడా. శని ఆదివారాలు వాళ్ళింట్లోనో మా ఇంట్లోనో భోజనాలు.

"త్రివేణిగారూ, ఏమనుకోకండి. చైనా ఆడిట్‌కి సృజన్‌ని పంపుదామనుకుంటున్నాను."

సృజన్ ఇక్కడే ఎడిసన్‌లో పుట్టి పెరిగిన కుర్రాడు. పని నేర్పింది నేనే. "ఎందుకని?" అన్నాను.

"అతనికి వీసాతో పేచీ ఉండదు కదా. మీకు ఇండియాలో పుట్టడం వల్ల చాలా కష్టమట. పైగా ఆంటీకి ఒంట్లో బాగోలేదటగా. మొన్న ఆదివారం మా ఇంట్లో దామోదర్ చెప్పాడు. నో చెప్పడానికి మీకు మొహమాటమనీ, నన్నే ఎలాగోలా తప్పించమనీ అన్నాడు. మీరే చెప్పించారనుకున్నాను."

మొన్న వాళ్ళింట్లో నేనూ ఉన్నాను. వాళ్ళిద్దరూ ఇంటి వెనక చెక్క డెక్ మీద కుర్చీల్లో కూర్చుని ఉంటే, నేను పదడుగుల దూరంలో వంటింట్లో ఫణి గారి భార్యతో కలిసి మిరపకాయ బజ్జీలు వేస్తున్నాను. వేడివేడి ప్లేటు తీసుకెళ్ళి వాళ్ళిద్దరి మధ్య పెట్టింది నేనే. నేను రాగానే మాట ఆగింది. ఏ క్రికెట్టో అనుకున్నాను. వాళ్ళు మాట్లాడుకుంటున్నది నా ఉద్యోగం. నేనేం చెయ్యగలనో, నాకేం ఇష్టమో, నా నోటితో ఏం చెప్పలేనో ఇద్దరు మగవాళ్ళు నా చేతి బజ్జీలు తింటూ తేల్చేశారు. ఒంట్లో బాగోలేదని దామోదర్ చెప్పిన అత్తగారు ఆ రోజు పొద్దున్నే గుడి మెట్లు గబగబా ఎక్కారు.

కుర్చీ ముందుకి జరుపుకున్నాను.

"ఫణిగారూ, ఆ మాట నేను మీతో అన్నానా?"

"లేదు, కానీ దామోదర్..."

"దామోదర్ మన కంపెనీలో పనిచెయ్యడు. నా గురించి ఏదైనా తెలుసుకోవాలంటే నన్ను అడగండి. సృజన్ పేరు పంపకండి. వీసా వస్తే నేనే వెళతాను. రాకపోతే రాలేదని నేనే వచ్చి చెబుతాను."

ఆయన ముఖం ఎర్రబడింది. తలూపారు.

ఇంటికి వచ్చేసరికి దామోదర్ టీవీ ముందున్నాడు. సొరుగు తాళంచెవి ఇమ్మన్నాను. ఎందుకన్నాడు. ఇమ్మన్నాను. నా గొంతు విని సాన్వి మెట్లు దిగి వచ్చింది. అతనిచ్చిన తాళంచెవితో సొరుగు తెరిస్తే నా పాత పాస్‌పోర్ట్ అన్నిటికంటే పైనే ఉంది.

"గరాజ్‌లో ఉందన్నారు."

"గుర్తు లేదు. ఎందుకలా చూస్తావు? ఫణితో చెప్పింది కూడా నీ మంచికే. నీకు నో చెప్పడం రాదు, వెళ్ళాక అక్కడ అవస్థ పడతావు."

"నో చెప్పడం నాకు రాదని మీకు తెలుసు. అందుకే ఇన్నేళ్ళూ మీకు బాగా జరిగింది."

"పిల్ల ముందు ఏమిటా మాటలు?" అన్నారు అత్తగారు.

"ఇట్స్ ఓకే, నానమ్మా. నాకు వినాలి" అంది సాన్వి. పద్నాలుగేళ్ళ పిల్ల. మెట్ల మీద కూర్చుంది, కదలలేదు.

అపాయింట్‌మెంట్ రోజు రైల్లో న్యూయార్క్ వెళ్ళాను. వీసా సెంటర్ కౌంటర్ వెనక నా వయసు చైనా ఆవిడ రెండు పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. పాతదాంట్లో నేను గుడిమెట్ల త్రివేణిని. కొత్తదాంట్లో అద్దేపల్లి త్రివేణిని. సిటిజన్‌షిప్ తీసుకునేటప్పుడు "ముగ్గురికీ ఒకే ఇంటిపేరుంటే ఎయిర్‌పోర్టుల్లో గొడవుండదు" అని దామోదర్ అంటే మార్చేసుకున్నాను.

"ఇద్దరూ మీరేనా?" అని అడిగింది.

"నేనే."

"పుట్టినప్పటి పేరు ఏది?"

చెప్పాను. ఆ పేరు పైకి పలికి ఎన్నాళ్ళయిందో, నా చెవికే కొత్తగా వినిపించింది. ఆవిడకి అర్థం కాలేదు, మళ్ళీ చెప్పమంది. అక్షరం అక్షరం విడదీసి, కాస్త గట్టిగా చెప్పాను. పేరు మార్పుకి రుజువు అడిగితే పెళ్ళి సర్టిఫికెట్ ఇచ్చాను. ఆఫీసులో నా హోదా ఏమిటంది, అక్కడ ఏం పని అంది. నేను చెప్పినంతసేపూ నా ముఖంలోకి చూస్తూ విని, కాగితాలు లోపలికి తీసుకుంది. సతాయించలేదు. తెలుసుకోవలసినవి నన్నే అడిగింది, నేను చెప్పింది నమ్మింది. బయటికొచ్చి ఆ పెద్ద రోడ్డు మీద నిలబడితే ఒళ్ళంతా కోపంతో కాలిపోయింది. పరాయి దేశం గుమస్తా ఒక్క పూటలో చూపిన ఈ పాటి మర్యాద కోసం నేను నా ఇంట్లో ఇంతకాలం ఆశపడుతూ ఉన్నానా అని.

వీసా వచ్చిన రోజు రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. వచ్చే సోమవారం ప్రయాణమన్నాను. వంట సంగతి అత్తగారు అడగబోయారు, దామోదర్ చెయ్యెత్తి ఆపాడు. పెద్దమనసు చేసుకున్నవాడిలా నవ్వాడు.

"సరే, ఇంత పట్టుపట్టావు కదా. ఈ ఒక్కసారికి వెళ్ళిరా. ఫణికి నేను ఫోన్ చేసి చెబుతాలే."

"ఫణిగారికి పొద్దున్నే నేను చెప్పాను. ఈ ప్రయాణం ఒక్కటే కాదు, వచ్చే ఏడాది నుంచి విదేశీ ఆడిట్లన్నీ నేనే చేస్తానని అడిగాను, ఆయన ఒప్పుకున్నారు" అన్నాను. "మీకు ఇప్పుడు తెలియజేస్తున్నాను, అంతే."