పోగున్న సాంచె

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. మీసాలు మొలిచినప్పటి నుంచి కైలాసం నడుపుతున్న సాంచెను దాని యజమాని, ఆసామి రామచంద్రం పాత ఇనుము కింద బేరం పెట్టాడు. ఆర్డర్లు లేవు, కరెంటు బిల్లు మాత్రం ఆగదు, ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం! ఆఖరి పనిగా జెండాల గుడ్డ దొరికింది. అది అయిపోతే పంద్రాగస్టు నాడు సాంచెను తీసుకుపోయే లారీ వస్తుందన్నాడు.

కైలాసానికి మరో పని చేతకాదు. మగ్గాల పనికి మహారాష్ట్రలోని భివండి పోదామంటే దుమ్ముకు పాడైన ఊపిరితిత్తులు ఒప్పుకోవు. భార్య దేవవ్వ చుట్టే బీడీలతో పూట గడవదు.

అప్పుడు అతనికి పెద్దల కట్టడి గుర్తొచ్చింది. పోగు ఎక్కి ఉన్న మగ్గాన్ని ఆ వాడలో ఎవరూ కదిలించరు. జప్తుకొచ్చిన దొర మనుషులే పోగు చూసి వెనక్కి మళ్లారని అతని బాపు మురిసిపోతూ చెప్పేవాడు. ఇంకేం, జెండా గుడ్డ చివరికొస్తుండగానే మూలనున్న పాత పడుగు తెచ్చి, పోగుకు పోగు అతికించాడు. వేళ్లు వాచిపోయాయి. ఈ బట్ట ఎవరు కొంటారని దేవవ్వ అడిగింది.

"ఎవ్వలు కొనకున్నా మంచిదే. పోగున్నన్ని దినాలు సాంచె ఏడికి పోదు," అన్నాడు. పిచ్చి మనిషి, ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

పంద్రాగస్టు పొద్దున చౌరస్తా మైకులో దేశం ఎంత ముందుకు పోయిందో ఎవరో చెబుతున్నారు. లారీ వచ్చింది. రామచంద్రం పోగు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయనా నేతకులపు సాలోడే. కైలాసం గుండె ఎగిరింది. లారీతో వచ్చిన వాళ్లకు ఈ గొడవేం పడుతుంది? ఒకడు కత్తి తీశాడు. రామచంద్రం వాడి చెయ్యి పట్టుకుని ఆపి, ఆ కత్తి తీసుకుని కైలాసం ముందుకొచ్చాడు.

"పరాయోడు కోస్తే మంచిది కాదు కైలాసం. నేసినోడే కొయ్యాలె. గిది సుత మన కట్టడే గద," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

కైలాసం కత్తి అందుకున్నాడు. ఏ కట్టడిని నమ్ముకున్నాడో అదే అడుగుతోంది. కోశాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా తన చేత్తో తనే కోశాడు.

లారీ కదిలాక దేవవ్వ గోడకు ఆనుకుని ఏడ్చింది. కైలాసం పక్కన కూలబడ్డాడు.

"ఏడ్వకు. బాపు కాలంల స్వరాజ్జెం అచ్చింది, మన కాలంల రాష్ట్రం అచ్చింది," అన్నాడు. "పనే రాలే."