అడగని రెండో పేజీ

నేను ఒక నలభై వరసల ప్రోగ్రామ్‌ని. హైదరాబాదులో మందులు సరఫరా చేసే ఒక కంపెనీలో పుట్టాను. నన్ను రాసింది ఇందుప్రియ, ఉద్యోగంలో చేరి అప్పటికి మూడు వారాలే. రాయమన్నదీ, ఆమెకు పని నేర్పిందీ ప్రభుదాసు. ఆర్డర్లు నడపడానికి కంపెనీ క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ మీద, అద్దెకు తీసుకున్న కంప్యూటర్లన్నీ పదకొండేళ్లుగా ఆయన చేతిలోనే ఉన్నాయి.

ఆ అద్దెలు గంటకోలా మారుతుంటాయి. ఇచ్చేవాళ్లు పాత రేట్లను తొంభై రోజులు ఉంచి చెరిపేస్తారు. అందుకే రోజూ ఉదయం నేను వెళ్లి నిన్నటి రేట్లు తెచ్చి దాచాలి. జవాబు పేజీలుగా వస్తుంది, పేజీకి వెయ్యి వరసలు. ఇంకా ఉంటే రెండో పేజీ మళ్లీ అడగాలి. అడగమని ఇందుప్రియ నాకు రాయలేదు. మామూలు రోజుల్లో ఒక్క పేజీ సరిపోయేది కనుక ఎవరికీ తెలియలేదు. నేను కూడా రోజూ "పూర్తయింది" అని రాసి తెగ మురిసిపోయేదాన్ని.

ఒక శుక్రవారం రేట్లు పొద్దుటినుంచే నిమిషానికోసారి కొద్దికొద్దిగా అటూఇటూ మారి, మధ్యాహ్నం దాటాక ఆరు రెట్లయ్యాయి. అంత ఖర్చు భరించలేమని ప్రభుదాసు కంప్యూటర్లు ఆపేశాడు. సాయంత్రం దాకా ఆర్డర్లు నిలిచిపోయాయి. మర్నాడు నేను యథాప్రకారం మొదటి పేజీ పట్టుకుని తిరిగొచ్చాను.

నాలుగు నెలలకు, ఆ రోజు మందులు అందలేదన్న కోపంతో ఒక పెద్ద ఆసుపత్రి ఒప్పందం రద్దు చేసుకుంది. మనుషులకు నష్టం వచ్చాకే నిన్నటి సంగతులు కావలసివస్తాయి. మేనేజరు శేషసాయి ప్రభుదాసును పిలిచి ఎందుకు ఆపావని నిలదీశాడు.

"రేటు ఆరింతలైంది సార్. కావాలంటే మన ప్రోగ్రామ్ తెచ్చింది చూడండి" అన్నాడాయన ధీమాగా.

తెరిచారు. మధ్యాహ్నం వరకే ఉంది. అంతా మామూలు రేటే.

"ఏదీ, ఎక్కడ పెరిగింది?"

ప్రభుదాసు చివరి వరస నంబరు చూశాడు. సరిగ్గా వెయ్యి. ఆయనకు అర్థమైపోయింది. పక్కనే నిలబడ్డ ఇందుప్రియ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

"సగం రోజే తెచ్చిందే, ఎవరు రాశారిది?" అన్నాడు శేషసాయి.

"నేనే సార్" అన్నాడు ప్రభుదాసు.

నాకు నోరుంటే అబద్ధమని అరిచేదాన్ని. నోరున్న ఇందుప్రియ మాట్లాడలేదు.

ఆయన్ను ఆ రోజే ఉద్యోగం వదిలి వెళ్లిపొమ్మన్నారు. సంచీ సర్దుకుంటూ ఆమెతో, "రెండో పేజీ అడగడం మర్చిపోయావమ్మా. దిద్దెయ్యి. రేపు ఇంకొకరికి ఇట్టా కాకూడదు" అన్నాడు.

ఆయన మెట్లు దిగుతుండగానే ఆమె మూడు వరసలు చేర్చింది. ఇప్పుడు ఎన్ని పేజీలున్నా అడిగి తేగలను. ముందుగా ఆ శుక్రవారానికే పంపింది. అక్కడ ఎప్పుడో చెరిపేశారు. ఏమీ లేదని వచ్చి చెప్పాను. ఏడుస్తూ మళ్లీ పంపింది. మళ్లీ అదే చెప్పాను.

శేషసాయి గది పది అడుగుల దూరంలోనే ఉంది. ఆమె అక్కడికి వెళ్లలేదు. నన్నే ఇంకోసారి పంపింది.