ఎనిమిది కుచ్చిళ్ళు

బెల్‌ఫాస్ట్ నుంచి లీడ్స్‌కి నూట ఎనభై మైళ్ళు. విమానంలో గంటా అయిదు నిమిషాలు. డాక్టర్ వైదేహి రెండేళ్ళుగా ప్రతి శుక్రవారం ఆ గంటా అయిదు నిమిషాలూ కూర్చుని మొగుడి దగ్గరికి వెళ్తుంది, ఆదివారం తిరిగొస్తుంది. ఆవిడ ఆసుపత్రి ఇక్కడ, వినీత్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అక్కడ.

ఆ మంగళవారం పన్నెండింటికి లీడ్స్ ఆసుపత్రిలో ఇంటర్వ్యూ. ఆ ఉద్యోగం వస్తే కాపురం ఒక్క ఊళ్ళో. పక్కసీట్లో అత్తగారు సులోచనమ్మ. కోడలి ఫ్లాట్‌లో వారం ఉండి కొడుకు దగ్గరికి తిరిగి వెళ్తోంది. వారంలో కోడలితో నేరుగా ఒక్క మాట ఆడలేదు. పెళ్ళిలో ఈ పిల్ల "మీ కుచ్చిళ్ళలో ఒకటి పొట్టిగా ఉందత్తయ్యా" అంది, అదీ పదిమందిలో. నాలుగేళ్ళయింది. సులోచనమ్మ కుచ్చిళ్ళకి వంకపెట్టినవాళ్ళు కాకినాడ మొత్తంలో లేరు మరి.

పొగమంచుకి ఆగి ఆగి విమానం లేచేసరికి పదకొండూ పది. వైదేహి కళ్ళనిండా నీళ్ళు.

"ఎంత దూరమట?" అంది సులోచనమ్మ, ముందు సీటుతో.

"నూట ఎనభై మైళ్ళత్తయ్యా."

"నిన్నడిగానా?"

అంటూనే లేచింది. కుచ్చిళ్ళు ఊడదీసి మళ్ళీ వెయ్యడం మొదలెట్టింది. ఒక్కో కుచ్చిలికి ఇరవై మైళ్ళ దూరం మడతపడుతుంది. ఎనిమిది చాలు, తొమ్మిదోది వేస్తే విమానం దిగడానికి చోటుండదు. ఎయిర్‌హోస్టెస్ వచ్చి చూసి, "ఓ, మీరా" అని టీ బండి వెనక్కి తీసుకెళ్ళింది. తొందరగా దిగుతున్నాం, బెల్టులు పెట్టుకోండని పైలట్ చెప్పాడు. కిటికీ కింద సముద్రం మడతపడింది. ఐల్ ఆఫ్ మాన్ దీవి ఇలా కనపడి అలా మడతలోకి పోయింది.

గంజి పెట్టిన నేతచీర. కింద అంచు ఎవరైనా పట్టి లాగకపోతే నిలవదు. సులోచనమ్మ మోకాళ్ళు వంగవు.

"ఎవరైనా పట్టుకుంటారా, చూస్తూ కూర్చుంటారా?"

వైదేహి ఇంటర్వ్యూ సూటుతోనే నడవలో మోకాళ్ళ మీద కూర్చుంది. అంచులు లాగి సర్దింది. ఆగింది.

"నాలుగోది పొట్టిగా ఉందత్తయ్యా."

చుట్టుపక్కల మూడు వరసల వాళ్ళు తలెత్తారు.

"చూసే అంటున్నావా?"

"చూసే."

సులోచనమ్మ వంగి చూసింది. పొట్టిగానే ఉంది. విప్పి మళ్ళీ వేసింది. లేచిన పది నిమిషాలకే లీడ్స్‌లో దిగారు, అప్పటిదాకా సులోచనమ్మ సీట్లో కూర్చోనే లేదు.

వినీత్ కారులో, వెనకసీట్లో సులోచనమ్మ కుచ్చిళ్ళు నలక్కుండా కాళ్ళు చాపి పడుకోగా, ఆసుపత్రికి చేరేసరికి పన్నెండుకి పది తక్కువ. వైదేహి లోపలికి వెళ్ళింది. సులోచనమ్మ బయట వరండాలో నిలబడింది. ఒక నర్సు కుర్చీ తెచ్చింది.

"కూర్చోమ్మా," అన్నాడు వినీత్.

"కూర్చుంటే నలుగుతాయిరా. మడిచిన టైమంతా విచ్చుకుంటుంది. పని అవనీ."

గంటకి పైగా ఆ మోకాళ్ళతో, గోడకి ఆనుకోకుండా, నిటారుగా నిలబడింది. పట్టుదలంటే అదీ.

ఒంటిగంటా పదికి వైదేహి బయటికొచ్చింది. "ఉద్యోగం ఇచ్చారత్తయ్యా. ఇప్పుడే చెప్పారు."

"చేతులు కలిపారా?"

"కలిపారు."

"అయితే నా చెయ్యి పట్టుకోవే అమ్మాయ్, కాళ్ళు పడిపోతున్నాయి."

కోడలి భుజం మీద బరువంతా వేసి సులోచనమ్మ కూర్చుంది. వరండాలో గడియారం రెండూ అయిదుకి దూకింది. ఉద్యోగం మాత్రం వెనక్కి పోలేదు.