డొల్ల పలికిన గది

ముప్పయ్యేళ్లుగా ఊళ్లో సగం ఇళ్లకు గోడలు కట్టిన తాపీ మేస్త్రమ్మ మేయర్ పదవికి నిలబడిందంటే మొదట అందరూ నవ్వుకున్నారు. ఆమె ప్రసంగం రెండే ముక్కలు: "పిల్లలు కూర్చునే గదులు గట్టిగా కట్టిస్తాను. గోడ మంచిదో కాదో నాకొకరు చెప్పక్కర్లేదు." నెల తిరిగేసరికి నవ్వినవాళ్లే ఆమె వెంట నడిచారు.

ప్రచారానికి ఆఖరి రోజు. నాలుగింటికి ఊరేగింపు. పనులన్నీ చూసుకునే తమ్ముడు తొందరపెడుతున్నా, దారిలో ఉన్న బడిలోకి ఒకసారి తొంగిచూద్దామని ఆమె ఆగింది. రెండో తరగతి గదికి కొత్తగా రంగు వేశారు. గోడలు తళతళలాడుతున్నాయి. ఆమె మాత్రం పైకప్పు వంక చూసి, బూజు దులిపే పొడవాటి కర్ర తీసుకుని స్లాబును అక్కడక్కడా తట్టింది. అంతటా టక్కుమంది. దూలం పక్కన మాత్రం ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు డొల్లగా పలికింది.

"పిల్లల్ని బయటికి పంపండి మేడమ్. ఇప్పుడే."

పెద్ద టీచరు తటపటాయించింది. "ఎల్లుండే పోలింగు. ఓట్ల కోసం నాటకమంటారండీ."

"అననివ్వండి. సంచులు తర్వాత తెచ్చుకోవచ్చు, ముందు పిల్లలు కదలాలి."

పిల్లలు బిలబిలమంటూ వరండాలోకి వచ్చారు. తమ్ముడు తల పట్టుకున్నాడు. "అక్కా, అక్కడ జనమంతా నీకోసం ఎదురుచూస్తున్నారు!"

"పని పడిందని చెప్పు. అలాగే మన సెంట్రింగు వాళ్లని కర్రలతో రమ్మను."

ఊరేగింపు ఆగిపోయింది. ఆమె దగ్గరుండి దూలం కింద ఊతకర్రలు బిగించడం పూర్తిచేయించేసరికి ఆమె మీద మళ్లీ పోటీచేస్తున్న మేయర్ గారు మందీమార్బలంతో దిగారు.

"బాగుందమ్మా నాటకం! రంగు ఆరనే లేదు, అప్పుడే కూలిపోతుందా?"

ఆమె కర్ర ఆయన చేతికిచ్చింది. "మీరే తట్టి చూడండి సార్."

ఆయన రెండుచోట్ల తట్టాడు. గుమ్మం దగ్గర గుమిగూడిన తల్లిదండ్రులందరికీ తేడా తెలిసింది. "ఇంజనీర్లు బాగుందనే నాకు రాసిచ్చారమ్మా" అన్నాడాయన మెల్లగా.

"రాసినవాళ్లు కర్ర పట్టుకుని ఉండరు సార్."

మర్నాడు డొల్లగా పలికిన చోట పెచ్చు ఊడదీయిస్తే, లోపలి చువ్వలు తుప్పుపట్టి, వేళ్లతో నలిపితే పొడైపోయాయి. ఆ పొడి ఊరంతా చూసింది.

మేస్త్రమ్మ గెలిచింది. కొత్త గది లేచేదాకా రెండో తరగతికి చోటు కావాలి. ఆమె చుట్టుపక్కలంతా తిరిగి చూసి, చివరికి నగరపాలక సంస్థ సమావేశ మందిరాన్నే పిల్లలకిచ్చేసింది. కార్పొరేటర్లు సమావేశానికి వరండాలో కుర్చీలు వేసుకున్నారు.

"ఎన్నాళ్లు మేడమ్ మాకీ తిప్పలు?" అని ఒకాయన గొణిగాడు.

"బడులన్నీ బాగుచేయిద్దామని మీరు చేతులెత్తేదాకా" అంది ఆమె, కాగితాలు సర్దుకుంటూ.

లోపల పిల్లలు గొంతులు చించుకుని ఎక్కాలు చదువుతున్నారు. ఆ హోరులో చర్చకు వీల్లేకపోయింది. ఒక్కొక్కరే నవ్వుతూ చేతులెత్తారు.