పద్దెనిమిది

ఆస్పత్రి మూడో అంతస్తులో ఆపరేషన్లయినవాళ్ళ వార్డు. ఇరవై ఎనిమిది మంచాలు, పగటి డ్యూటీకి ఇద్దరు నర్సులు. ఆ ఇద్దరిలో పెద్దామెని డాక్టర్ల దగ్గర్నుంచి ఆయాల దాకా అందరూ ఎక్స్‌ప్రెస్ సిస్టర్ అనేవాళ్ళు. పదహారేళ్ళ సర్వీసు. ఇంకొకళ్ళు గంటన్నర చేసే రౌండు ఆమె అరగంటలో చుట్టబెట్టేసేది. నాడి, బీపీ, జ్వరం, ఊపిరి. మంచం కాళ్ళవైపు వేలాడే చార్టులో టకటకా అంకెలు పడిపోయేవి.

ఈ నాలుగింట్లో మూడింటికి యంత్రాలున్నాయి. ఊపిరికి మాత్రం మనిషే కావాలి. గడియారం చూస్తూ, రోగి ఛాతీ ఎన్నిసార్లు లేచి పడుతోందో నిమిషంపాటు నిలబడి లెక్కపెట్టాలి. ఇరవై ఎనిమిది మంచాలంటే ఇరవై ఎనిమిది నిమిషాలు ఊరికే నిలబడాలన్నమాట. అంత తీరిక ఎవరికుంది? అందుకని మనిషి చూడ్డానికి బాగానే ఉంటే ఆమె పద్దెనిమిది అని రాసేసేది. ఆమె ఒక్కతే కాదు, ఆ వార్డులో చాలామంది అంతే. పద్దెనిమిది మంచి అంకె. అటు ఎక్కువా కాదు, ఇటు తక్కువా కాదు. దాన్ని చూసి ఎందుకని అడిగే నాథుడుండడు.

ఆ చార్టుకో పద్ధతుంది. అంకె మామూలు హద్దు దాటితే, ఎంత దాటిందో దాన్నిబట్టి ఒకటో రెండో మూడో మార్కులు వెయ్యాలి. పరీక్షలో మార్కులు ఎక్కువొస్తే సంతోషం, ఇక్కడ ఎక్కువొస్తే ప్రమాదం. అన్నీ కలిపి అయిదైతే డ్యూటీ డాక్టరు చేతిలో పని వదిలేసి వచ్చి చూడాలి. మనిషి పూర్తిగా కూలిపోకముందే పసిగట్టడానికి పెట్టిన ఏర్పాటది.

పదకొండో మంచంలో ఒక లిఫ్టు మెకానిక్కు ఉండేవాడు. నలభై దాటినవాడు. పేగు మెలిపడితే ఆపరేషను చేసి మూడోరోజు. వచ్చిన దగ్గర్నుంచీ వార్డంతటినీ నవ్వించాడు. "మీ లిఫ్టు మూలుగు వింటే నాకన్నా దానికే ముందు ఆపరేషను కావాలి సిస్టర్" అనేవాడు. అతనికి తోడుగా అక్క ఉండేది. బట్టలు కుట్టి బతికే మనిషి. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని గుండీలు కుట్టుకుంటూ, "నోటికి కూడా కుట్లు వేస్తేగానీ వీడు ఊరుకోడు" అని తమ్ముణ్ణి కసిరేది.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి ఎక్స్‌ప్రెస్ సిస్టర్ రౌండుకొచ్చింది. పదకొండో మంచం దగ్గర నాడి నూటపన్నెండు, రెండు మార్కులు. కొంచెం జ్వరం, ఒక మార్కు. బీపీ ఫరవాలేదు. మెకానిక్కు కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. ఊపిరి గడిలో పద్దెనిమిది అని రాసింది. మొత్తం మూడు. పన్నెండో మంచానికి వెళ్ళిపోయింది.

మూడింటికి అక్క వచ్చి నర్సుల టేబులు ముందు నిలబడింది.

"అమ్మా, మావాడు ఎందుకో బాలేడమ్మా."

"నొప్పి అంటున్నాడా?"

"ఏమీ అనట్లేదు. అదే నా భయం. పొద్దుట్నుంచి ఒక్క జోకు వెయ్యలేదు. ఊపిరి కూడా గబగబా తీస్తున్నాడు, కుక్కపిల్ల రొప్పినట్టు."

ఎక్స్‌ప్రెస్ సిస్టర్ అప్పుడే ఆపరేషనునుంచి వచ్చిన ఇద్దరికి సెలైన్లు సిద్ధం చేసే హడావిడిలో ఉంది. అయినా లేచి వెళ్ళింది. మంచం దాకా వెళ్ళింది, చార్టు తీసింది, అక్కకి చూపించింది. "ఇదిగో చూడండి. ఊపిరి పద్దెనిమిది, మీకూ నాకూ ఉన్నంతే. ఆపరేషనయ్యాక మూడోరోజు నీరసం మామూలే."

అక్క కాగితం వంకా తమ్ముడి వంకా చూసింది. "మీరు బాగుందంటే బాగున్నట్టేలెండి" అంది.

పావుగంట తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి ఎక్స్‌ప్రెస్ సిస్టర్ ఆమె మనశ్శాంతి కోసం డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన కింద క్యాజువాల్టీలో ఉన్నాడు. ఆమె చార్టులోంచి అంకెలు చదివింది.

"ఊపిరి?"

"పద్దెనిమిది సార్."

"మొత్తం మూడేగా. ఇక్కడ యాక్సిడెంటు కేసులు రెండొచ్చాయి. సాయంత్రం రౌండులో చూస్తాలే."

నాలుగున్నరకి అక్క కేక వేసింది. ఎక్స్‌ప్రెస్ సిస్టర్ పరిగెత్తింది. మెకానిక్కు మొహం బూడిదరంగుకి తిరిగింది. ఒళ్ళంతా చల్లటి చెమట, పిలిస్తే పలుకు లేదు. బీపీ డెబ్భై. అప్పుడు లెక్కపెట్టకుండానే కళ్ళకి కనిపించింది ఛాతీ. ఎగిరెగిరి పడుతోంది.

అక్కడినుంచి ఆమె చేసిందంతా మెచ్చుకోదగ్గ పనే. ఎమర్జెన్సీ గంట కొట్టింది, ఆక్సిజను పెట్టింది, రెండు చేతులకీ సూదులు ఎక్కించింది. టీము వచ్చేసరికి అన్నీ సిద్ధం. వచ్చిన డాక్టరు ఊపిరి లెక్కపెట్టి, "ముప్ఫై ఎనిమిది. రెండింటికి ఎంతుంది?" అని అడిగాడు.

ఆమె నోరు తెరిచింది. ఒక్క క్షణం. ఆ క్షణంలో నిజం చెప్పొచ్చు. "పద్దెనిమిది" అంది.

"అంటే ఉన్నట్టుండి కూలిపోయాడన్నమాట" అంటూ డాక్టరు మంచం తోసుకుని బయల్దేరాడు.

కుట్టిన పేగు విడిపోయి కడుపంతా చీము పట్టిందట. ఆ సాయంత్రమే మళ్ళీ ఆపరేషను చేసి ఐసీయూలో పడేశారు.

ఆ ఆస్పత్రి మందుల కౌంటర్లో ఎక్స్‌ప్రెస్ సిస్టర్ ఆడపడుచు పనిచేస్తుంది. సిస్టర్ ఇల్లు చేరేలోపే కబురు చేరిపోయింది. ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే భర్త తలుపు తీస్తూ, "రండి హీరోయిన్ గారూ, ఒక ప్రాణం నిలబెట్టారట!" అన్నాడు. ఏడో తరగతి చదివే కూతురు పుస్తకాలు పక్కనపెట్టి వచ్చింది.

"అమ్మా, రేపు మా క్లాసులో చెప్తాను."

"ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. నోరు మూసుకుని చదువుకో."

పిల్ల బిక్కచచ్చిపోయింది. భర్త ఏమిటన్నట్టు చూశాడు. అలిసిపోయానంది. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచింది.

నాలుగోరోజు ఉదయం ఆ కేసు మీద మీటింగు జరిగింది. పెద్ద సర్జను చార్టు ఎత్తి చూపించాడు. "రెండింటికి మొత్తం మూడే మార్కులు. ఇలాంటివి ముందు కనిపెట్టడం ఎవరివల్లా కాదు. సిస్టర్ చురుగ్గా ఉండబట్టి మనిషి దక్కాడు." అందరూ ఆమె వైపు తిరిగి తలలూపారు. తలుపు దగ్గర నిలబడ్డ డ్యూటీ డాక్టరు మొహంలో ఎంతో ఊరట కనిపించింది. ఆమె తల దించుకుంది. వినయం అనుకున్నారు. భూమి చీలితే బావుండునని ఆమె అనుకున్నట్టు వాళ్ళకేం తెలుసు?

మీటింగునుంచి వార్డుకి వెళ్ళే దారిలోనే ఐసీయూ. బయట బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. నాలుగురోజులకే మనిషి సగమైపోయింది. చేతిలో కుట్టుపని లేదు. ఎక్స్‌ప్రెస్ సిస్టర్ పక్కదారి పట్టబోయింది గానీ, అక్క చూసేసి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు పరిగెత్తిన పరుగు నా కళ్ళలోనే ఉందమ్మా. నీ కడుపు చల్లగా ఉండాలి."

ఆమె లేవబోయింది, అక్క చెయ్యి వదల్లేదు.

అక్క నేలకేసి చూస్తూ మాట్లాడుతూనే ఉంది. "తప్పు నాది. మా అమ్మ పోయేనాటికి వాడికి మూడేళ్ళు. నేనే ఎత్తుకు పెంచాను. వాడి ఊపిరి నాకు తెలీదా? తెలుసు. రెండుసార్లు వచ్చాను, రెండుసార్లూ నోరు మూసుకుని వెళ్ళిపోయాను. చదువుకున్నవాళ్ళు కాగితం మీద రాసిందానికంటే నా కళ్ళు గొప్పవా అనుకున్నాను. వాడికేమన్నా అయితే వాణ్ణి నేనే చంపేసినట్టు. నా మొహం వాడికి ఎలా చూపించను?"

తను పడాల్సిన సిగ్గు ఇంకొకరు నెత్తికెత్తుకుని మోస్తుంటే చూడ్డం ఎంత కష్టమో ఆమెకి అప్పుడు తెలిసింది. మీటింగులో రాని మాట అక్కడ వచ్చింది.

"అక్కా, ఆ కాగితంలో ఉన్నది నిజం కాదు."

"అంటే?"

"పద్దెనిమిది అని ఊరికే రాశాను. లెక్కపెట్టలేదు."

అక్కకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "నేను వచ్చి చెప్పాక కూడానా?"

"చెప్పాక కూడా. మీకు చార్టు చూపించాను గానీ మీ తమ్ముణ్ణి చూడలేదు. లెక్కపెట్టుంటే మార్కులు ఆరయ్యేవి. డాక్టరు వెంటనే వచ్చేవాడు. మీ కళ్ళదేం తప్పు లేదు."

"లెక్కపెట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

"నిమిషం."

"నిమిషమా!" అంది అక్క. తిట్టలేదు, అరవలేదు. పట్టుకున్న చెయ్యి వదిలేసి, చెంగుతో తన చేతిని తుడుచుకుంది. "లే. నా పక్కనుంచి లే ముందు" అంది.

ఆమె లేచి తిన్నగా ఇన్‌ఛార్జి సిస్టర్ గదికి వెళ్ళి అంతా చెప్పింది. ఇన్‌ఛార్జి సిస్టర్ ముందు కోప్పడింది. తర్వాత బీరువా తీసి రెండునెలల చార్టులు టేబులు మీద పోసింది. తిరగేస్తున్నకొద్దీ పద్దెనిమిదులే. రకరకాల చేతిరాతలు, అంకె మాత్రం ఒకటే. పోయినవారం చనిపోయిన ముసలాయనకి కూడా చివరిరోజు దాకా పద్దెనిమిదే. సంవత్సరాలుగా ఆ చార్టుల కింద సంతకం పెడుతున్నది ఇన్‌ఛార్జి సిస్టరే. ఆవిడ కళ్ళజోడు తీసి ఆ కాగితాల మీద పెట్టింది.

ఎక్స్‌ప్రెస్ సిస్టర్‌కి వార్నింగు లెటరు ఇచ్చారు. అది పెద్ద శిక్షేమీ కాదు. డ్యూటీ డాక్టరు మెట్లమీద ఆపి, "ముప్ఫై అని చెప్పుంటే యాక్సిడెంటు కేసు ఇంకొకరికి అప్పజెప్పి వచ్చేవాణ్ణి. నాలుగురోజులు నన్నొక వెధవని చేశారు" అన్నాడు. ఆయన మాట్లాడ్డం మానేశాడు. తోటి నర్సులు మాట్లాడ్డం మానలేదు, అదే పెద్ద బాధ. "నీ గుండెబరువు దించుకోడానికి మా అందరి పీకలమీదకి తెచ్చావు కదే" అన్నారు. ఇంట్లో కూతుర్ని కూర్చోబెట్టి జరిగింది చెప్పింది. పిల్ల అంతా విని, "అందుకా ఆరోజు నన్ను కసిరావు?" అని మాత్రం అడిగింది.

మర్నాటినుంచి ఆమె ప్రతి మంచం దగ్గరా నిలబడి లెక్కపెట్టడం మొదలెట్టింది. రౌండు గంటన్నర దాటింది. మొదటిరోజే ఇరవై ఎనిమిదిమందిలో ఇద్దరికి ఇరవై అయిదు పైన వచ్చింది. ఇద్దరూ చూడ్డానికి బాగానే ఉన్నారు, ఒకడు పేపరు చదువుకుంటున్నాడు కూడా. డాక్టర్ని పిలిస్తే, వచ్చి చూసి ఒకణ్ణి అప్పటికప్పుడు పరీక్షలకి పంపాడు. ఆమెకి సంతోషం కలగాల్సింది. కానీ కలగలేదు. ఒక్కరోజులో ఇద్దరైతే, పదహారేళ్ళలో ఎంతమంది? వాళ్ళ మొహాలు గుర్తుచేసుకుందామన్నా రాలేదు. మొహాలు చూసి ఉంటే కదా.

మెకానిక్కు బతికాడు. ఐసీయూలో పదిహేనురోజులు, మళ్ళీ వార్డులో మూడువారాలు. మలం పోవడానికి పొట్టకి సంచీ తగిలించారు, ఆర్నెల్లు ఉంచాలన్నారు. లిఫ్టు పని ఇంకెప్పటికి చేస్తాడో, అసలు చెయ్యగలడో లేదో ఎవరూ చెప్పలేదు. వార్డుకి తిరిగొచ్చినప్పట్నుంచీ అక్క ఆ మంచం దగ్గరికి ఎక్స్‌ప్రెస్ సిస్టర్‌ని రానివ్వలేదు. ఇంకో నర్సు వెళ్ళేది.

ఇంటికి పంపేరోజున మెకానిక్కే ఆమెని పిలిపించాడు. చొక్కా ఒంటిమీద వేలాడుతోంది.

"మా అక్క చెప్పింది సిస్టర్" అన్నాడు. ఐసీయూలో గొట్టం పెట్టిన గొంతు, ఇంకా బొంగురు పోలేదు. "నాకేం గుర్తులేదు. ఒకమాట చెప్తాను. నేనూ ఎన్నోసార్లు పైకెక్కి తాడు చూడకుండానే, చూశానని కార్డులో సంతకం పెట్టాను. నా అదృష్టం, ఏ లిఫ్టూ తెగిపడలేదు. కాబట్టి మీరు మరీ…"

"నువ్వూరుకోరా" అంది అక్క బట్టలు సర్దుతూనే. "నీ మంచితనం నీ దగ్గరుంచుకో. ఇద్దరూ తప్పు చేస్తే అది ఒప్పయిపోతుందా? ఇంటికెళ్ళాక నీ సంగతి చెప్తాను."

అతను నవ్వబోయి పొట్ట పట్టుకున్నాడు.

అక్క బట్టల సంచీ భుజాన వేసుకుని, ఇన్ని రోజులకి మొదటిసారి ఎక్స్‌ప్రెస్ సిస్టర్ మొహంలోకి చూసింది. "నేను క్షమించాననుకోకు. వాడి పొట్టకున్న సంచీ కడిగిన ప్రతిసారీ నువ్వే గుర్తొస్తావు. కానీ నువ్వు చెప్పకపోతే నన్ను నేను జన్మంతా తిట్టుకునేదాన్ని. అంతవరకే."

"మీరు క్షమించాలని చెప్పలేదక్కా."

"తెలుసు" అంది అక్క. "వాడికి ఆ పక్కన చెయ్యి పట్టు. మెట్లు దిగాలి, లిఫ్టు పనిచెయ్యట్లేదట."

ఆమె వచ్చి మెకానిక్కు రెండో చెయ్యి పట్టుకుంది. మూడు అంతస్తుల మెట్లు ముగ్గురూ ఒక్కొక్కటే దిగారు. మలుపు మలుపుకీ అతను ఆగి ఆయాసం తీర్చుకున్నాడు. అక్క ఒక పక్క, ఆమె ఒక పక్క, అతని ఛాతీ చూస్తూ నిలబడ్డారు.