చివరి అంకె నాలుగు

నేను ఒక పదమూడంకెల సంఖ్యను. నన్ను చూసి లాటరీ నంబరో, బ్యాంకు ఖాతానో అనుకునేరు. పుస్తకం వెనక అట్ట మీద ఓ మూలన కూర్చునే ఐ.ఎస్.బి.ఎన్. వంశం మాది. ఒక పుస్తకానికి ఒకటే నంబరు, ఆ నంబరుకి ఆ పుస్తకమే. ఇంత నిష్ఠ మనుషుల్లో కూడా లేదని మాకు కాస్త టెక్కు. ఆ టెక్కు ఎలా అణిగిందో చెబుతాను.

నేను పుట్టింది ఢిల్లీలో ఒక కంప్యూటర్లో. నొప్పులు మాత్రం తాళ్లరేవులో పడ్డారు. పెమ్మాడి సింహాద్రి అక్కడ యాభై ఏళ్లు చెక్క పడవలు కట్టిన మేస్త్రి. ఫైబరు పడవలు వచ్చాక ఆయన దగ్గర పని నేర్చుకునేవాడే లేకుండా పోయాడు. తన కొలతలన్నీ తనతోనే కాటికి పోతాయని ఆయనకి దిగులు పట్టుకుంది. ఆరేళ్లు కూర్చుని 'చెక్క పడవ కొలతలు' అని ఒక పుస్తకం రాశాడు. వేసేవాళ్లెవరూ దొరక్క, తనే అచ్చు వేయించుకోడానికి సిద్ధపడ్డాడు. గ్రంథాలయాల్లో తలా ఒక ప్రతి ఉంటే, ఎప్పటికైనా పని తెలుసుకోవాలనుకునే ఒక్కడి చేతిలో పడకపోతుందా అని ఆయన ఆశ. గ్రంథాలయాలు తీసుకోవాలంటే మాలాంటి నంబరు ఉండాలన్నారు.

దరఖాస్తు పెట్టింది ఆయన మేనకోడలు చంద్రకళ. ఊళ్లో ఆవిడకి జిరాక్సు కొట్టు ఉంది. మొదటిసారి, ముఖపత్రం ఫొటో మసగ్గా ఉందని తిరిగొచ్చింది. రెండోసారి, ఆధార్‌లో లేని 'మేస్త్రి' ముఖపత్రం మీదికి ఎలా వచ్చాడని తిరిగొచ్చింది.

"పేరు పక్కన మేస్త్రి తీసెయ్యాలంట మావయ్యా," అంది చంద్రకళ.

"నేను సంపాదించుకున్నది అదొక్కటే కదమ్మా," అన్నాడాయన. మళ్లీ తనే తీసెయ్యమన్నాడు.

మూడోసారి పెట్టిన నాలుగు నెలలకి నేను వచ్చాను. చంద్రకళ నన్ను కాగితం మీద అచ్చు తీసి ఇచ్చింది. ఆయన ఆ కాగితానికి నాలుగు మూలలా పసుపు రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అబద్ధమెందుకు, నాకు కళ్లు నెత్తికెక్కాయి.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉండేది. పడవ అడుగున వేసే దూలం కొలిచాక, ఆ పొడవుని లెక్కగట్టి, అది శుభమో కాదో ఆయం చూసేవాడు. చెడ్డ ఆయం వస్తే దూలాన్ని వేలెడు పెంచి మంచి ఆయానికి తెచ్చేవాడు. మిగతా కొలతల్లో వెంట్రుకవాసి తేడా వచ్చినా చెక్క పక్కన పారేసే మనిషి, ఆ ఒక్క వేలెడు మాత్రం దేవుడి వాటా అనేవాడు. కాకినాడలో అచ్చాఫీసుకి వెళ్తూ, బస్సులో నన్ను జేబులోంచి తీసి అంకెలన్నీ కూడాడు. అరవై రెండు వచ్చింది. ఆరూ రెండూ ఎనిమిది. శని! ఆయన మొహం మాడిపోయింది.

"చివరి నాలుగుని ఐదు చేసెయ్, తొమ్మిదొస్తుంది," అన్నాడు అచ్చాఫీసు గోపాలంతో.

"నంబరు మార్చకూడదేమోనండి బాబూ."

"ఒక్కటే కదయ్యా! ఆయం చూడకుండా నేనే పడవా నీళ్లలోకి దింపలేదు. ఒక్కటీ మునగలేదు."

నేను జేబులోంచి గగ్గోలు పెట్టాను. అంకెల గోల ఎవడికి వినిపిస్తుంది? మాలో చివరిది ఊరికే కూర్చోదండీ. ముందున్న పన్నెండింటినీ లెక్కగడితే పుట్టేది అదే. అది మారిందా, నంబరు మొత్తం చెల్లదు. ఇంత చిన్న సంగతి ఆ ముసలాయనకి చెప్పినవాడు లేడు.

అయిదు వందల ప్రతులూ ఐదుతోనే అచ్చయ్యాయి.

గ్రంథాలయాలకి పుస్తకాలు తీసుకునే ఆఫీసుకి, గడువు ఆఖరి రోజున, మేనకోడలితో కలిసి వెళ్లాడు. కౌంటర్లో ఆవిడ అట్ట మీద నంబరుని కంప్యూటర్లో మూడుసార్లు కొట్టి చూసింది. "తీసుకోవట్లేదండీ. అంకె ఏదో తప్పు పడింది," అంది.

చంద్రకళ ఆయన జేబులోంచి నన్ను తీసి అట్ట పక్కన పెట్టింది. "ఇదేటి మావయ్యా, ఇక్కడ నాలుగు కదా!"

"ఆయం కుదర్లేదమ్మా. ఒకటి కలిపాను."

కౌంటర్లో ఆవిడకి జాలేసింది. "గడువు ఇవాళ్టితో సరండీ. మళ్లీ ఎప్పుడు పిలుస్తారో మాకూ తెలీదు," అంది.

దారంతా చంద్రకళ చెబుతూనే ఉంది, సరైన నంబరుతో చీటీలు వేయించి అంటిద్దామని. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అట్ట మీద అంకే తప్పేసినోడి కొలతలు ఎవడు నమ్ముతాడమ్మా? అడుగు తప్పిన పడవకి అతుకెయ్యరు. విప్పేస్తారు."

మర్నాడు పాకలో, పడవ సందులకి పూసే గుగ్గిలం కాచే పొయ్యి వెలిగించాడు. రాతప్రతితో మొదలుపెట్టి, కట్ట తర్వాత కట్ట అందులో పెట్టాడు. ఏడవలేదు. చంద్రకళ పరిగెత్తుకొచ్చేసరికి ఆవిడ చేతికి దక్కింది ఒక్కటే. ఆ కార్తీకంలో ఆయన పోయాడు. ఆవిడ గోపాలం దగ్గరికి వెళ్లి పుస్తకం ఫైలు అడిగితే, కంప్యూటర్లో పాతవన్నీ ఎప్పుడో చెరిపేశానన్నాడు.

ఆ మిగిలిన ప్రతిలోనే నన్ను, నా పసుపు కాగితాన్ని, మడిచి పెట్టింది చంద్రకళ. నా పుస్తకంలోపలే ఉన్నాను. అట్ట మీద మాత్రం వేరేవాడు కూర్చున్నాడు. నన్ను ఇంకో పుస్తకానికి ఇవ్వరు. ఎవరైనా ఎక్కడో కూర్చుని కంప్యూటర్లో నా అంకెలు కొట్టి వెతికితే 'చెక్క పడవ కొలతలు, పెమ్మాడి సింహాద్రి' అని కనిపిస్తుంది. మేస్త్రి అని ఉండదు. పుస్తకం ఉందా అంటే ఉందని చెబుతాను. ఎక్కడుందో కూడా నాకు తెలుసు, చెప్పే దారే లేదు.